ఒంటికొమ్ము ప్రాణి

కళ్ళు మూసుకోమన్నారు, మూసుకున్నాను. నోరు మూసుకోమనలేదుగా, డాక్టరమ్మా?

ఈ చుక్కలు పట్టేదాకా ఎలాగూ ఇలా కూర్చోవాల్సిందే. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. చేతులు కట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మంట. ఇప్పుడు నేనే అలా కూర్చున్నాను. అంచేత మాట్లాడతాను. మీరు మీ పని చేసుకోండి.

అసలు నా కళ్ళకేం రోగమమ్మా? గోడమీద ఆ అట్ట చదవమన్నారు. చిట్టచివరి వరుస చదివానా లేదా? దాని కింద అచ్చువేసినవాళ్ళ పేరు కూడా చదివాను. ఆ పేరు పక్కన ఈగ చేసిన మచ్చ ఉందని కూడా చెప్పాను. మీరు నమ్మక, లేచి వెళ్ళి గోటితో గీకి చూశారు. ఊడి వచ్చిందా? మరి.

అలాంటివాడికి చూపు ఆనడం లేదని రాసివ్వాలట. మా ఆఫీసువాళ్ళ కోరిక. ఉన్నది ఉన్నట్టు రాసేవాళ్ళెవరూ మిగల్లేదా అని అడుగుతున్నాను. మీరు చిన్నవారు. చదువుకున్నవారు. మీరైనా నిజం రాయండి.

ఏమిటీ, మాట్లాడుతుంటే కళ్ళు కదులుతున్నాయా? సరే, కదపను. పెదవులు మాత్రమే కదుపుతాను.

నా పనేమిటో మీకు తెలియదు కదూ. సముద్రంలో ఉండేవాటి మీద పరిశోధన చేసే ఆఫీసు మాది. అందులో నేను బొమ్మలు వేసేవాణ్ణి. గోడకి తగిలించి మురిసిపోయే బొమ్మలు కావు. పడవవాళ్ళు సన్నటి గుడ్డవలతో వడకట్టి సీసాల్లో నీళ్ళు తెస్తారు. మీరు చూస్తే ఒట్టి ఉప్పునీళ్ళే. అందులోంచి ఒక బొట్టు గాజుపలక మీద వేసి మైక్రోస్కోప్ కింద పెడితే, అమ్మా, అదొక సంత. కాళ్ళున్నవి, మీసాలున్నవి, గాజుగంటల్లాంటివి, ఒంటికన్నువి. ప్లాంక్టన్ అంటారు. ఎదురీదే సత్తువ లేదు వాటికి. నీళ్ళు ఎటు తీసుకుపోతే అటు పోతాయి. మనుషుల్లోనూ ఆ జాతి ఉంది. నేను వాళ్ళ బొమ్మలు వెయ్యను, అంతే తేడా.

అవి కాక చేపలు. బజార్లో దొరికేవి కావు. వలలో పడితే పడవవాళ్ళే బెదిరి మా గుమ్మంలో పారేసి పోయే రకం. నోరు పొట్టకన్నా పెద్దదైనవి, ఒంట్లో పేగులు బయటికి కనబడేవి. చేప పని అంటే తొందర పని. ఊపిరి పోయిన కాసేపటికే రంగు పోతుంది, పొగిడినవాడు వెళ్ళిపోయాక మనిషి మొహంలా. అందుకని ముందు రంగు, తర్వాత రూపం. రెక్కలు విప్పి గుండుసూదులతో గుచ్చి పెట్టాలి. పొలుసులు ఒక్కొక్కటే లెక్కపెట్టుకోవాలి. తల ఎప్పుడూ ఎడమవైపే ఉండాలి. మా పనిలో అది కట్టుబాటు. అందం కోసం ఒక చేపని కుడికి, ఒక చేపని ఎడమకి తిప్పుకుంటూ పోతే వాడు బొమ్మలవాడు కాడు, పెళ్ళిపందిరి వేసేవాడు.

ఒక చేప ఉందమ్మా. ఆడది కుండంత ఉంటుంది, మగది బొటనవేలంత. ఆ మగది వచ్చి ఆడదాని డొక్క కరిచి పట్టుకుని, అక్కడే అతుక్కుపోయి, కళ్ళూ పేగులూ అన్నీ కరిగించుకుని ఆవిడ రక్తం మీదే బతికేస్తుంది. నేనది వేస్తుంటే మా బావమరిది వచ్చి, ఏమిటి బావా ఇది అన్నాడు. ఇల్లరికం అన్నాను. వాడు ఇల్లరికపుటల్లుడు. చాలాకాలం మా గడప తొక్కలేదు. మా ఇంటావిడ నన్ను ఎన్ని మాటలందో. నేను చేప సంగతే చెప్పానమ్మా. అడిగినదానికి జవాబు చెప్పడం కూడా తప్పేనా?

నాకు పని నేర్పిన పెద్దాయన నేర్పింది ఒక్కటే. కనబడింది వెయ్యి, కనబడనిది వెయ్యకు. అందం కోసం గీసిన గీత దొంగ గీత అనేవాడాయన. నేను పెద్దగా చదువుకోలేదు. నాకు అర్థమైన చదువు అదొక్కటే, దాన్నే పట్టుకున్నాను.

పైగా మా పనిముట్టు కూడా అలాంటిదే. మైక్రోస్కోప్ గొట్టం పక్కన ఒక అద్దం బిగించి ఉంటుంది. ఒక కంటితో గొట్టంలోకి చూస్తే ప్రాణీ కనబడుతుంది, కాగితం మీద మన పెన్సిలు మొనా కనబడుతుంది, ఒకదాని మీద ఒకటి. ప్రాణి అంచు పట్టుకుని పెన్సిలుని నడిపించుకుపోవడమే. సొంత తెలివికి అందులో చోటు లేదు. అందుకే నాకా పని నచ్చింది.

నా మైక్రోస్కోప్ నేను తప్ప ఎవరూ ముట్టుకోరు. తుడిచేది నేనే, గొట్టం విప్పి లోపల దులిపేది నేనే, మా ఇంటావిడ కుట్టిన గుడ్డ కప్పేది నేనే. ప్రాణిని పెట్టడానికి కూడా నాకో నియమం ఉంది. పలకని జరిపి జరిపి, దాని తల సరిగ్గా నడిమధ్యకి తెస్తాను, మొహం ఎడమకి. వెంట్రుకవాసి అటూ ఇటూ ఉన్నా పెన్సిలు ముట్టుకోను. ఊపిరి బిగబట్టి గీస్తాను. మిగతావాళ్ళు ప్రాణి ఎక్కడుంటే అక్కడే, పడుకున్నదాన్ని పడుకున్నట్టే గీసి పారేస్తారు. బద్ధకస్తులు. బద్ధకస్తులన్నానా? ఉండండి, వాళ్ళ సంగతికి తర్వాత వస్తాను. అక్కడే ఉంది నా ఖర్మ.

కళ్ళు తెరవనా? ఇంకో చుక్కా? వెయ్యండి. మండితే మండనివ్వండి.

ఒకరోజు ఒక బొట్టులో చిన్న ప్రాణి కనబడింది. రొయ్యకి దూరపు చుట్టంలా ఉంది. నియమం ప్రకారం తల నడిమధ్యకి తెచ్చాను. తెచ్చేసరికి, నడినెత్తి మీదనుంచి ఒక కొమ్ము. ఒకటే. వెనక్కి వంగి, మొదట లావు, కొసకి సన్నం. మొదట్లో చిన్న బుడిపె. కొస సగం తెల్లగా, వెలుతురు అవతలికి కనబడేట్టు. అంత అందమైన కొమ్ము నేనెప్పుడూ చూడలేదు. అయినా అందం సంగతి నాకెందుకు? కనబడింది, వేశాను. బుడిపెతో సహా, తెల్లటి కొసతో సహా.

మా పెద్దమేడం వచ్చారు. మా ఆఫీసుకి పెద్ద ఆవిడే. ప్రతి బొమ్మకీ గొట్టంలో చూసి, సరిపోయిందని సంతకం పెట్టడం ఆవిడ పద్ధతి. చూశారు. చాలాసేపు చూశారు. సంతకం పెట్టారు. ఇలాంటిది ఇంతవరకూ ఎవరూ చూడలేదండీ అన్నారు. 

అంతే, ఒంటికొమ్ము ప్రాణి పుట్టింది.

కొత్తది కనిపెట్టినవాళ్ళు దానికి పేరు పెట్టుకోవచ్చట. మేడంగారు వాళ్ళ అత్తగారి పేరు పెట్టారు. ఆ అత్తగారు కోడలితో మాట మానేసి ఎంతకాలమైందో దేవుడికే తెలుసు. ఇప్పుడు ఆవిడ నా బొమ్మకి చట్రం కట్టించి, తన మంచం ఎదురుగా పెట్టించుకుని, ప్రపంచం మొత్తం మీద నెత్తిన కొమ్మున్నది నా పేరుగలదే అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుందట. కోడలు తెచ్చిన కాఫీ తాగుతుందట. మేడంగారు ఆ మాట చెబుతూ చిన్నపిల్లలా నవ్వారు. ఆవిడ నవ్వడం మేమెవరం అంతకుముందు చూడలేదు.

ఇంక ఆఫీసులో చూడాలి. గేటు మీద ఆ ప్రాణి బొమ్మ కట్టించారు, మనిషంత ఎత్తు. కొమ్ము రోడ్డు మీదికి వచ్చింది. గేటు దగ్గర కాపలా ఉండేవాడు తలకి రెండుసార్లు తగిలించుకుని, చివరికి దానికి తన తువ్వాలు ఆరేసుకోవడం మొదలుపెట్టాడు. చదువుకున్నవాళ్ళు జట్లు కట్టారు. కొమ్ము దారి చూసుకోవడానికి అని ఒకాయన. కాదు, పోట్లాడుకోవడానికి అని ఇంకొకాయన. కొస తెల్లగా ఉండటం శత్రువుని మోసం చెయ్యడానికే అని మూడో ఆయన పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. ఆ ముగ్గురూ ఒకరి గదిలోకి ఒకరు పోవడం మానేశారు. ప్రాణులు పోట్లాడుకున్నాయో లేదో నాకు తెలియదు, వీళ్ళు మాత్రం పోట్లాడుకున్నారు.

అక్కడితో ఆగితే బాగుండును. తర్వాత బొట్టులో ఒక పీతపిల్ల వచ్చింది. తల నడిమధ్యకి తెచ్చాను. కొమ్ముంది. వేశాను. తర్వాత ఒక నీటిపురుగు. కొమ్ముంది. వేశాను. తర్వాత ఒక చేపగుడ్డు.

అవునమ్మా, గుడ్డుకి కొమ్ము.

నాకు అనుమానం రాలేదా అంటారా? వచ్చింది. గుడ్డు కదా, తల ఎక్కడుంటుందో తెలియక కొంచెం తికమకపడ్డాను. అంతే. కనబడింది వెయ్యాలా వద్దా? నాకు నచ్చినవి వేసి నచ్చనివి మానేస్తే అది నియమం ఎలా అవుతుంది? మేడంగారు గుడ్డు బొమ్మని మిగతా మూడు బొమ్మల పక్కన పరిచి చూశారు. తర్వాత, అయితే ఇది కుటుంబమండీ, వంశం వంశమే కొమ్ములది అన్నారు. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్ళుంటారని వినడమే. నేను కొమ్మే మొలిపించాను.

మా ఆఫీసులో ఒక అమ్మాయి ఉంది, ఫోటోలు తీస్తుంది. కెమెరా అమ్మాయి అనే అంటాం అందరం. ఆ పిల్ల వేరే గదిలో, వేరే మైక్రోస్కోప్‌లో అదే రకం ప్రాణుల్ని పెట్టి ఎన్ని ఫోటోలు తీసినా కొమ్ము రాలేదు. మేడంగారికి చూపించింది. మేడంగారు, కొమ్ము మగవాటికే ఉంటుందమ్మా, నీకన్నీ ఆడవే దొరికాయి అన్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, మీ కంటికి నిజంగా కనబడుతోందా మాస్టారూ అంది. నేను మండిపడ్డాను. యంత్రం మీట నొక్కేదానివి, నీకేం తెలుసు అన్నాను. అన్నీ పడ్డది, పాపం. ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయింది.

అయితే ఆ ఫోటోల మాట ఎలాగో బయటికి పొక్కింది. పైనుంచి పెద్దవాళ్ళ కమిటీ ఒకటి వస్తోందన్నారు. బొమ్మ నిజమా, ఫోటో నిజమా తేలుస్తారట. కమిటీ వస్తోందంటే మా ఆఫీసులో చేసే మొదటిపని గోడలకి సున్నం. గదిగదికీ సున్నం. ఆ ఘాటుకి నాకు తుమ్ము వచ్చింది.

నవ్వకండి. ఇంతవరకూ మైక్రోస్కోప్ ముందు నేను తుమ్మలేదు. దగ్గలేదు. ఆ రోజు ఊపిరి బిగబట్టి ఒక రొయ్యపిల్ల తల గీస్తున్నవాణ్ణి, బల్ల అదిరేలా తుమ్మాను. గాజుపలక జరిగిపోయింది. కన్ను తీయకుండా చూస్తూనే ఉన్నాను. రొయ్యపిల్ల పక్కకి పోయింది.

కొమ్ము పోలేదు.

ప్రాణి లేదు, తల లేదు, కొమ్ము మాత్రం నడిమధ్యలో అలాగే ఉంది. యజమాని వెళ్ళిపోయాక కొక్కేనికి వేలాడే గొడుగులాగా.

గొట్టం తిప్పాను. గడియారం ముల్లులా కొమ్ము గిర్రున తిరిగింది. గొట్టం విప్పి, లోపలి గాజు మీదనుంచి సన్నటి పట్టకారుతో తీశాను. ఏమిటంటారు? రెప్పవెంట్రుక. మొదట్లో బుడిపె, కొస సగం తెలుపు. అద్దం దగ్గరికి వెళ్ళి నా కన్ను చూసుకున్నాను. మా ఆఫీసులో రెప్పలు సగం నెరిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

శుభ్రం కోసం గొట్టం విప్పి దులిపేది నేను. అలా దులిపినప్పుడు పడింది నా వెంట్రుకే. ఇంకెవరూ ముట్టుకోకూడదని కాపలా కాసి, దాన్ని అక్కడే భద్రంగా ఉంచింది నేను. ప్రతి తలనీ తెచ్చి తెచ్చి సరిగ్గా ఆ వెంట్రుక మొదట్లో ఆనించింది నేను. నేను బద్ధకస్తుణ్ణయి, ప్రాణిని ఎక్కడుంటే అక్కడ గీసి ఉంటే, కొమ్ము ఒకసారి తోకకీ ఒకసారి పొట్టకీ మొలిచి మొదటిరోజే బయటపడేది. నా నియమమే నా నెత్తిన కొమ్మయింది. ఇదెక్కడి న్యాయం చెప్పండి?

అంతకు కొద్దిరోజుల ముందే మా మనవరాలు చేప బొమ్మ వేసి, కంటికి రెప్పవెంట్రుకలు పెట్టింది. చేపకి రెప్పలే ఉండవే, వెంట్రుకలెక్కడివి, చెరుపు అన్నాను. ఏడ్చింది. ఏడ్చినా చెరిపించాను. తప్పు తప్పే అన్నాను.

కళ్ళు తెరవమంటారా? అబ్బ, ఏం వెలుతురు. గడ్డం ఇక్కడ ఆనించాలా? నుదురు ఆ పట్టీకి. కదలకూడదు. తెలుసమ్మా, ఇది నాకు తెలిసిన పనే. ఇన్నాళ్ళూ గొట్టానికి ఇవతల ఉన్నాను, ఇవాళ అవతల ఉన్నాను. తల నడిమధ్యకి తెచ్చుకోండి. చూడండి, బాగా చూడండి. రెప్పలు కనబడ్డాయా? సగం తెలుపు. నేను చెప్పింది నిజమే కదూ.

వెంట్రుకని కాగితంలో పొట్లం కట్టుకుని నేరుగా మేడంగారి గదిలోకి వెళ్ళాను. బల్లమీద పరిచాను. కొండకి వెంట్రుక ముడేసి లాగడం అంటారే, వస్తే కొండ వస్తుంది, పోతే వెంట్రుక పోతుందని. మాకు కొండ వచ్చేసిందమ్మా, వెంట్రుకా మిగిలింది. ఇప్పుడా కొండని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆవిడ కేకలు వేస్తారనుకున్నాను. వెయ్యలేదు. లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చారు. ఇంకెవరికైనా చెప్పారా అన్నారు. లేదన్నాను. కమిటీకి చెబుతానన్నాను. అప్పుడన్నారు.

"మీరు మంచివారండీ. కానీ ఒక ఆఫీసు ఆఫీసంతా ఒక రెప్పవెంట్రుకకి గేటు మీద బొమ్మ కట్టించిందంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మితే ఇంకా పరువు తక్కువ. అదే మీకు చూపు తగ్గిందనుకోండి. ఎవరి తప్పూ లేదు. అయ్యో పాపం అంటారు. కొమ్ము నెమ్మదిగా దించేస్తాం. మిమ్మల్ని దండేసి పంపిస్తాం. మా అత్తయ్యకి కూడా, పాపం ఆయనకి కళ్ళు పోయాయి అత్తయ్యా అని చెప్పగలను. కానీ కళ్ళు బావున్న మనిషి వెంట్రుకని కొమ్మనుకున్నాడని, కళ్ళు బావున్న నేను సంతకం పెట్టానని ఆవిడకి ఎలా చెప్పను?"

అలా కుదిరిందమ్మా, మీ దగ్గర ఈ పరీక్ష.

నేను ఒప్పుకోలేదు. నా బొమ్మలో తప్పులేదండీ అన్నాను. కొమ్ముగా అది తప్పే కావచ్చు, వెంట్రుకగా అందులో ఒక్క గీత తప్పు చూపించండి. రెప్పవెంట్రుకని అంత బాగా ఎవరైనా వేశారా? చూపు లేనివాడు వెయ్యగలడా? మూర్ఖుడనండి, పడతాను. గుడ్డివాడంటే మాత్రం పడను. 

ఇంటికి వచ్చి చెబితే మా ఇంటావిడ ఏమందో తెలుసా? "పెళ్ళైనప్పటినుంచి నా మొహం సరిగ్గా చూసిన పాపాన పోలేదు. ఆ కాగితం డాక్టరెందుకు, నేనే రాసిస్తాను" అంది. హాయిగా దండేయించుకుని ఇంట్లో కూర్చోమంది. కూర్చుని ఏం చెయ్యను? నాకు వచ్చింది చూడటం ఒక్కటే. చూసింది చూసినట్టు చెప్పడం ఒక్కటే. అది తీసేస్తే ఇంట్లో కూర్చునేది ఎవరు, నేనా, నా చొక్కానా?

చూడటం అయిందా? ఏమంటారు?

ఏ లోపమూ లేదా. పువ్వు లేదు, పొర లేదు. నాకు తెలుసు. మీరు చెప్పకముందే తెలుసు. అయినా కాగితం మీద పెన్ను పెట్టకండి. ఒక్క నిమిషం ఆగండి. ఇంకొకటి చెప్పాలి. 

ఇవాళ పొద్దున కమిటీ వచ్చింది.

కొత్త సున్నం గోడల మధ్య నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. మా కళ్ళముందు గీసి చూపించండి అన్నారు. సరేనన్నాను. నాకు కావలసింది అదే. గొట్టం శుభ్రం చేసి ఉంది. వెంట్రుక పొట్లం నా చొక్కా జేబులో ఉంది. ఉన్న బోడితలని ఉన్నట్టు గీస్తాను, అప్పుడు లేచి నిలబడి పొట్లం విప్పుతాను, జరిగింది చెబుతాను. చెప్పాల్సిన మాటలు మా ఇంటావిడ ముందు వల్లెవేసుకున్నాను కూడా. వెనక కమిటీ, కమిటీ వెనక మేడంగారు, తలుపు దగ్గర కెమెరా అమ్మాయి. 

ప్రాణి తల నడిమధ్యకి తెచ్చాను. కొమ్ము లేదు. నున్నటి బోడిగుండు. కాళ్ళు గీశాను. పొట్ట గీశాను. తోక మీద నూగు కూడా గీశాను. తల దగ్గరికి వచ్చాను.

చెయ్యి ఆగలేదమ్మా.

ఒక్క ఊపులో వెనక్కి వంగి, మొదట లావుగా, కొసకి సన్నంగా వెళ్ళిపోయింది. బుడిపె పెట్టింది. కొస సగం తెలుపు వదిలింది. ఇన్నేళ్ళు ప్రాణుల అంచు పట్టుకుని పాకిన చెయ్యి, మొదటిసారి లేచి నడిచింది. చూస్తుండగానే నడిచింది. నా కంటికి అక్కడ ఏమీ లేదు, ఒట్టి వెలుతురు. కాగితం మీద మాత్రం నా బతుకులో వేసిన గీతలన్నిటికన్నా మంచి గీత.

రబ్బరు చేతికి అందేంత దూరంలోనే ఉంది. మా మనవరాలి చేత చెరిపించిన రబ్బరే. నేను తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదని మీరు అడగకండి, మీరు కళ్ళ డాక్టరు.

కమిటీలో పెద్దాయన బొమ్మ చూశాడు. తర్వాత గొట్టంలో చూశాడు. చాలాసేపు చూశాడు. నేను ఊపిరి బిగబట్టాను. ఆయన తలెత్తి, ఉంది, సన్నగా ఉంది, వెలుతురు సరిగ్గా పడితే కనబడుతోంది అన్నాడు.

రెండో ఆయన చూశాడు. అవునవును అన్నాడు. మేడంగారు కళ్ళు తుడుచుకుని చూసి, తల ఊపారు. ఇక మిగిలింది కెమెరా అమ్మాయి. అందరికన్నా ఎక్కువసేపు చూసింది ఆ పిల్లే. నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను, నువ్వైనా చెప్పు తల్లీ అని. ఆ పిల్ల నా మొహం కేసి చూసింది. తర్వాత నేల కేసి చూసి, ఇప్పుడు కనబడుతోందండీ అంది.

అందరూ వెళ్ళాక నేను మళ్ళీ చూశాను. ఏమీ లేదు.

మేడంగారు బయటిదాకా వచ్చి సాగనంపారు. ఇంక మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళే పనిలేదండీ, నేను ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాను అన్నారు. చెప్పారా? చెప్పే ఉంటారు. అందుకే నన్ను చూసి మీరు మొదట్లో ఆశ్చర్యపోయారు. ఆఫీసువాళ్ళు పంపించారని వచ్చీరాగానే అన్నాను చూడండి, అది నిన్నటి మాట. ఇవాళ నన్నెవరూ పంపలేదు. నేనే వచ్చాను. అబద్ధం చెప్పడం కూడా పొద్దున్నుంచే అలవాటైంది.

నిజమే రాయమని ఇందాక మీకు నీతులు చెప్పాను. అది మర్చిపోండి. 

లెక్క చూడండి. అంతమందికి కనబడింది, నా ఒక్కడికే కనబడలేదు. లోకం తీరున చూస్తే చూపు పోయింది ఎవరికి? నాకే కదా? అదే రాయండి. బావుందని రాశారనుకోండి, కనబడనిది తెలిసి గీసినవాణ్ణవుతాను. పైగా రేపు మళ్ళీ ఆ స్టూలు మీద కూర్చోవాలి. కూర్చుంటే చెయ్యి మళ్ళీ గీస్తుంది. నాకు తెలుసు. ఇక్కడ కూర్చున్నాను కదా, ఇప్పుడూ దానికి దురదగానే ఉంది.

చెడింది కన్ను కాదమ్మా. అయితే చేతికి మీ దగ్గర అట్ట లేదు, చుక్కలు లేవు. పరీక్ష ఉన్నది కంటికే, కాబట్టి కంటి మీదే రాయండి.

ఏ కన్నా? మీకు ఏది రాయడం సులువైతే అది.